ఇచ్చే బట్టలో మన ఇంటి పొగ

పోయిన డిసెంబరులో జరిగిన సంగతి. మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురు పురిటికి వచ్చింది. మగపిల్లాడు పుట్టాడు. చలి బాగా ఉంది. పాపం, పసివాడికి కప్పడానికి ఏమైనా ఇద్దామని బీరువా తెరిచాను. మా వారు కట్టి వదిలేసిన ఉన్ని స్వెటరు ఒకటి, మా అత్తగారి నాటి శాలువా ఒకటి, మెత్తగా అయిపోయిన నా కాటన్ చీరలు మూడు కనిపించాయి. అన్నీ మడతపెట్టి, సంచిలో పెట్టి ఇచ్చాను. ఇచ్చిన సంతోషం ఎలా ఉంటుందో మీకు తెలుసుగా! ఆ రోజంతా నా మనసు కాస్త తేలికగానే ఉంది.

మూడో రోజు పొద్దున ఆమె అదే సంచితో వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి, "అమ్మా, ఏమనుకోవద్దు. చీరలు ఉంచుకున్నం. స్వెటర్, శాలువ మాత్రం తిరిగి తెచ్చిన. మంచిగనే ఉన్నయి గానీ, సిగరెట్ వాసన కొడుతున్నయి. రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికిన, పోతలేదు. బాబుకు కప్పుదామంటే మా పిల్ల వద్దంటుంది" అంది.

నా ముఖం ఎలా పెట్టుకోవాలో తెలియలేదు. "సిగరెట్ వాసనా?" అని స్వెటరు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నిజం చెబుతున్నాను, నాకేమీ వాసన రాలేదు. బీరువా వాసన, కాస్త కలరా ఉండల వాసన, అంతే. ఆమె అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. ఇచ్చిన వస్తువు తిరిగి తెచ్చి ఇవ్వడానికి ఆమె ఎంత మొహమాటపడి ఉంటుందో కూడా నాకు తెలుసు. మరి నా ముక్కుకేమైంది?

సాయంత్రం కాలేజీ నుంచి మా అమ్మాయి వచ్చాక స్వెటరు చేతికిచ్చి, "వాసన చూడవే" అన్నాను. "ఏముంది, మన ఇంటి వాసనే కదమ్మా!" అంది.

మన ఇంటి వాసన! ఆ మాట నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు.

ముక్కు మరిచిపోతుంది

ఇరవై ఎనిమిదేళ్ళుగా మా వారికి సిగరెట్ అలవాటు. ఇంట్లో పిల్లలు పుట్టాక హాల్లో తాగడం మానేసి బాల్కనీలోకి మారారు. అదే గొప్ప సంస్కారమని నేనూ అనుకున్నాను, ఆయనా అనుకున్నారు. పెళ్ళయిన కొత్తలో ఆ వాసనకు నాకు తల తిరిగేది. ఆ తర్వాత ఎప్పుడు తిరగడం మానేసిందో గుర్తు లేదు. ఒకే వాసన మధ్య రోజూ బతికితే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. చేపల బజారులో కూర్చునే ఆమెకు చేపల వాసన తెలియదు. అగరుబత్తీలు చుట్టే ఆమెకు ఆ పరిమళం తెలియదు. వాసన పోదు. మనకు తెలియడం పోతుంది, అంతే తేడా.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. నేను పుట్టి పెరిగింది ఒంగోలు దగ్గర పల్లెలో. పొగాకు బ్యారన్ల మధ్య పెరిగిన దాన్ని. ఆకు కాల్చే రోజుల్లో ఊరు ఊరంతా ఒకటే వాసన. ఆకును కర్రలకు అల్లే ఆడవాళ్ళ చేతులకు నల్లటి జిగురు పట్టి, సబ్బుకు వదిలేది కాదు. చింతపండు పులుసుతో రుద్దుకునేవారు. పచ్చి ఆకు తడితడిగా ఉన్నప్పుడు ముట్టుకున్న రోజున కొందరికి వాంతులు, తలనొప్పి వచ్చేవి. ఎండదెబ్బ అనుకునేవాళ్ళం. తడి ఆకు నుంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుందని, దాని వల్ల కూడా అలా అవుతుందని చాలా ఏళ్ళకు చదివి తెలుసుకున్నాను. అప్పట్లో మాకు ఆ వాసన డబ్బు వాసన. పిల్లల ఫీజులు, ఆడపిల్లల పెళ్ళిళ్ళు అన్నీ అందులోంచే. అలాంటి ఊళ్ళో పుట్టి, సిగరెట్ తాగే మనిషిని కట్టుకున్న నాకు స్వెటరులో వాసన తెలియకపోవడం వింతేమీ కాదు.

కానీ ఒక పచ్చి బాలింత ముక్కుకు తెలిసింది.

పాత బట్ట అంటే చిన్నచూపు వద్దు

ఈ కథ విని, "అందుకే పాత బట్టలు ఇవ్వకూడదు, తీసుకోకూడదు" అనే వాళ్ళుంటారు. నేనలా అనను. మన ఇళ్ళలో పాత బట్టకున్న గౌరవం తక్కువదేం కాదు. బిడ్డ పుట్టగానే మొదట చుట్టేది కొత్త గుడ్డలో కాదు, మెత్తబడిన పాత గుడ్డలో. పొత్తిళ్ళలో బిడ్డ అంటే పాత చీరలో ఉన్న బిడ్డే. అమ్మమ్మ చీర ఉయ్యాలవుతుంది, నాన్న పంచె పక్కగుడ్డవుతుంది. అక్క పరికిణీ చెల్లెలికి, చెల్లెలి నుంచి పిన్నికూతురికి నడిచి వెళుతుంది. మనలో అక్క బట్ట కట్టకుండా పెరిగిన చెల్లెలెవరు చెప్పండి?

స్టీలు సామాను గంపతో వీధిలోకి వచ్చే ఆమె, పాత చీరలు, ప్యాంట్లు తీసుకుని గిన్నె ఇచ్చి వెళ్ళడం మనందరం చూసిందే. ఆ చీర ఎక్కడికి పోతుందని మనం అడగం. అది బాగుచేయబడి, ఇస్త్రీ అయి, ఏ సంతలోనో మరొకరి ఒంటి మీదికి చేరుతుంది. హైదరాబాదులో ఎర్రగడ్డ ఆదివారం సంతకు వెళ్ళి చూడండి. కూలి చేసుకునే వాళ్ళు పండక్కి పిల్లలకు చొక్కాలు ఏరుకుంటూ కనిపిస్తారు. ఇక ఇప్పటి కాలేజీ పిల్లలు దానికే 'థ్రిఫ్ట్' అని పేరు పెట్టి, ఫోనులో బొమ్మ చూసి తెప్పించుకుంటున్నారు. మా అమ్మాయి కూడా అలా తెప్పించుకున్న జీన్స్ జాకెట్ ఒకటి వేసుకుని తిరుగుతోంది. వాళ్ళకు అందులో నామోషీ లేదు. మంచిదే. ఒక కాటన్ చొక్కాకు పత్తి చేను దగ్గర నుంచి రంగుల అద్దకం దాకా ఎన్ని నీళ్ళు ఖర్చవుతాయో తెలిసిన తరం అది.

1977 నవంబరులో దివిసీమ ఉప్పెన నాటి నుంచి, 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద దాకా, కష్టం వచ్చిన ప్రతిసారీ మన ఇళ్ళ నుంచి బట్టల మూటలు కదిలాయి. ఇక ముందూ కదులుతాయి. కాబట్టి ప్రశ్న పాత బట్ట ఇవ్వాలా వద్దా అన్నది కాదు. ఎలాంటి బట్ట ఇస్తున్నాం అన్నది. గుండీలు ఊడినవి, జిప్పు పాడైనవి ఇవ్వకూడదని మనకు తెలుసు. కంటికి కనిపించే మరకను చూసి పక్కన పెడతాం. మరి కంటికి కనిపించని మరక సంగతి?

వాసన అంటే వాసన మాత్రమే కాదు

సిగరెట్ పొగ అంటే గాలిలో కలిసిపోయేదని మనం అనుకుంటాం. నిజానికి అందులో ఏడు వేలకు పైగా రసాయనాలున్నాయని, వాటిలో సుమారు డెబ్భై క్యాన్సర్ కారకాలని అమెరికా సర్జన్ జనరల్ 2010లో వెలువరించిన నివేదిక చెప్పింది. పొగలోని నికోటిన్, తారు చుక్కలు గోడలకు, పరదాలకు, పరుపులకు, బట్టలకు అంటుకుని జిగట పొరలా ఉండిపోతాయి. సిగరెట్ ఆరిపోతుంది, మనిషి బయటికి వెళ్ళిపోతాడు, ఆ పొర మాత్రం అక్కడే ఉండి రోజుల తరబడి, నెలల తరబడి కొద్దికొద్దిగా గాలిలోకి వాసన వదులుతుంది. తాగేవాడు పీల్చేది మొదటి పొగ, పక్కనున్న వాళ్ళు పీల్చేది రెండో పొగ అయితే, ఇలా అంటుకుని మిగిలేదాన్ని 'థర్డ్ హ్యాండ్ స్మోక్' అంటున్నారు. 2009లో బోస్టన్ పిల్లల డాక్టర్లు ఒక వైద్య పత్రికలో రాసిన తర్వాత ఈ మాట బాగా వాడుకలోకి వచ్చింది.

మరుసటి ఏడాది, 2010లో, కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు ఇంకొక సంగతి చూపించారు. ఇలా అంటుకున్న నికోటిన్, గదిలోని గాలిలో ఉండే నైట్రస్ ఆమ్లంతో కలిసి క్యాన్సర్ కారకాలైన నైట్రోసమీన్లుగా మారుతుందట. ఆ నైట్రస్ ఆమ్లం ఎక్కడి నుంచి వస్తుందనుకున్నారు? పొగ బయటికి పోయే దారి లేని గ్యాస్ మంటల నుంచి కూడా వస్తుంది. అంటే మన వంటింటి పొయ్యి కూడా అందులో ఓ చెయ్యి వేస్తుందన్న మాట.

పెద్దవాళ్ళ కంటే పసిపిల్లలకు దీనితో సంబంధం ఎక్కువ. వాళ్ళు నేల మీద పాకుతారు. దుప్పటి కొస నోట్లో పెట్టుకుని చప్పరిస్తారు. తండ్రి చొక్కాకు ముఖం ఆనించి నిద్రపోతారు. వాళ్ళ చర్మం పలుచన, ఊపిరి వేగం ఎక్కువ. ఆ బాలింత తన బిడ్డ మీద ఆ స్వెటరు వద్దనడానికి ఇవేవీ చదివి ఉండదు. తల్లి మనసుకు తట్టింది, అంతే. చదివిన నాకు తట్టలేదు.

వాసన పోగొట్టే దారి

సరే, ఇక పనిలోకి దిగుదాం. తిరిగొచ్చిన ఆ సంచిని పక్కన పెట్టుకుని నేను నేర్చుకున్నవీ, చేసి చూసినవీ చెబుతాను. మొదట మనం చేసే తప్పులు చూద్దాం.

సాంబ్రాణి పొగ పట్టించడం మొదటిది. పొగ మీద పొగ వేస్తే పొగ పోతుందా? రెండు వాసనలూ కలిసి కూర్చుంటాయి. సెంటు చల్లడం కూడా అలాంటిదే. ఇక మూడోది కలరా ఉండలు. ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. కలరా ఉండల మధ్య దాచిన బట్టలు పసిపిల్లలకు అలాగే తొడగకూడదు. జి6పిడి అనే ఎంజైము లోపంతో పుట్టిన బిడ్డలకు ఆ వాసన తగిలితే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి, తీవ్రమైన కామెర్లు రావచ్చు. ఆ లోపం ఉందో లేదో పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు. సిగరెట్ వాసన పోవాలని కలరా ఉండలు పడేయడమంటే కొరివితో తల గోక్కోవడమే. నాలుగో తప్పు, వాసన ఉండగానే ఇస్త్రీ చేయడం. వేడికి ఆ జిగట ఇంకా లోపలికి పట్టుకుంటుంది. ఇస్త్రీ చేస్తున్నప్పుడు గుప్పుమని వాసన రావడం మీరూ గమనించే ఉంటారు.

ఇప్పుడు చేయవలసినవి. బట్ట చేతికి రాగానే నీళ్ళలో ముంచకండి. జేబులు బయటికి తీసి దులపండి. పొగాకు పొడి అక్కడే దాక్కుంటుంది. తర్వాత బట్టను తిరగేసి, గాలి ఆడే చోట తీగ మీద రెండు రోజులు వదిలేయండి. తెల్లబట్టలకు ఎండ, రంగు బట్టలకు నీడ. సగం వాసన ఇక్కడే పోతుంది.

తర్వాత నానబెట్టడం. కాటన్, పాలిస్టర్ బట్టలకు అరబకెట్ నీళ్ళలో టీకప్పుడు వంటసోడా కలిపి, రాత్రంతా నానబెట్టండి. బట్ట మొత్తం మునగాలి. పొద్దున ఆ నీళ్ళు పారబోసి, మామూలు సబ్బుపొడితో, బట్ట తట్టుకోగలిగినంత వేడి నీళ్ళతో ఉతకండి. కాలరు, చంకలు, చేతి మడతలు మరికాస్త రుద్దండి. మెషిన్ ఉన్నవాళ్ళు దాన్ని కుక్కి నింపకుండా నాలుగైదు బట్టలే వేయండి. నీళ్ళు ఆడాలి.

జాడించేటప్పుడు ఆఖరి నీళ్ళలో ఒక టీకప్పు తెల్ల వెనిగర్ పోసి అరగంట ఉంచండి. నికోటిన్‌ది క్షార గుణం. వెనిగర్‌లోని పులుపుతో కలిస్తే అది లవణంగా మారి నీళ్ళలో కరిగి పోతుంది. మా ఊరి ఆడవాళ్ళు పొగాకు జిగురును చింతపండుతో వదిలించుకున్నారని చెప్పానే, వాళ్ళకు రసాయన శాస్త్రం తెలియకపోయినా దారి సరిగ్గానే తెలిసింది. వెనిగర్ వాసన వస్తుందేమోనని భయం వద్దు. బట్ట ఆరేసరికి అది పోతుంది.

రెండు హెచ్చరికలు. వంటసోడా, వెనిగర్ ఒకే నీళ్ళలో కలపకండి. నురగ వస్తుంది గానీ రెండింటి బలమూ పోతుంది. రెండోది ప్రాణాల మీదికి వచ్చేది. బ్లీచింగ్ ఉన్న నీళ్ళలో వెనిగర్ ఎప్పుడూ పోయకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపులు మూసిన బాత్‌రూములో అది ఊపిరి ఆడనివ్వదు.

ఉన్ని, పట్టుకు మాత్రం సోడా పనికిరాదు. క్షారానికి ఆ దారం బిరుసెక్కి పాడవుతుంది. వేడినీళ్ళు పోస్తే ఉన్ని కుంచించుకుపోతుంది. వాటికి మన కుంకుడుకాయ రసమే మేలు. చల్లటి నీళ్ళలో రసం కలిపి, పిండకుండా నొక్కుతూ ఉతికి, కొద్దిగా వెనిగర్ కలిపిన నీళ్ళలో జాడించి, తువ్వాలు మీద పరిచి నీడలో ఆరబెట్టండి. స్వెటరును తీగ మీద వేలాడదీస్తే సాగిపోతుంది. జరీ చీరల జోలికి మీరు వెళ్ళకండి. గాలికి ఆరేసి, డ్రైక్లీనింగుకు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు సిగరెట్ వాసన ఉందని చెప్పి ఇవ్వండి. చేనేత బట్టలకు ముందు ఒక మూల తడిపి, తెల్లగుడ్డతో అద్ది రంగు దిగుతుందో లేదో చూసుకోండి.

కోట్లు, మందపాటి జాకెట్ల వంటివి ఉతకడానికి వీలుకాకపోతే, లోపలి వైపు పొడి వంటసోడా చల్లి, పాత ట్రంకుపెట్టెలో నలిపిన న్యూస్ పేపర్లతో పాటు మూడు నాలుగు రోజులు మూసి ఉంచండి. తీసి బాగా దులిపి గాలికి వేయండి. తగ్గకపోతే మళ్ళీ చేయండి.

అసలు పరీక్ష చివర్లో ఉంది. వాసన పోయిందో లేదో మీరు చూడకండి. సిగరెట్ లేని ఇంటి నుంచి ఎవరినైనా పిలిచి చూపించండి. మన ముక్కు మనకు సాక్ష్యం చెప్పదు.

బకెట్ ఎవరు కలపాలి?

ఇంతవరకూ చెప్పిన పనంతా చూడండి. దులపడం, ఆరేయడం, నానబెట్టడం, రుద్దడం, జాడించడం, మళ్ళీ ఆరేయడం. మూడు రోజుల పని. సిగరెట్ కాలడానికి పట్టేది ఐదారు నిమిషాలు. ఆ ఐదారు నిమిషాలు ఒకరివి, ఈ మూడు రోజులు ఇంకొకరివి. నేను ఉతకలేదు గనుక నా ఇంటి పొగను ఉతికే పని ఆ పనిమనిషి చేతుల మీద పడింది. నా పని, ఆయన పని కలిపి నేను ఆమెకు దానం ఇచ్చాను!

అందుకే ఆ ఆదివారం మా వారిని బాత్‌రూములోకి పిలిచి, శాలువా, స్వెటరు, ఆయన చొక్కాలు రెండు ముందు పెట్టాను. "ఈసారి ఇవి మీరే ఉతకండి" అన్నాను.

"నేను బాల్కనీలో కదా తాగేది! ఇంట్లోకి పొగ ఎక్కడొస్తోంది?" అన్నారు కాస్త విసుగ్గా.

"పొగ రాదు. మీరు వస్తారుగా, మీతో పాటు వస్తుంది" అన్నాను.

ఇంకేమీ అనకుండా చొక్కాలను సోడా నీళ్ళలో, ఉన్నిబట్టలను కుంకుడు రసంలో వేశారు. మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే, తెల్లచొక్కాలు నానిన నీళ్ళు పలచటి టీ డికాషన్ రంగులో ఉన్నాయి. చొక్కాకు మురికి లేదు. వారం కిందటే ఉతికి మడతపెట్టింది. ఆయన ఆ నీళ్ళ వంక చాలాసేపు చూశారు. "ఇదంతా దీంట్లోదేనా?" అన్నారు. నేను మాట్లాడలేదు. మాట్లాడితే అది వాదన అవుతుంది, నీళ్ళ రంగు చూసి కలిగిన ఆలోచన కాస్తా వాదనలో కొట్టుకుపోతుంది.

ఆ రోజు నుంచి మానేశారా అని అడుగుతారేమో. లేదండీ. సినిమాల్లోలా జరగదు. ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు బకెట్ నీళ్ళతో పోదు. కానీ ఆ వారంలోనే సిగరెట్ పెట్టె మీద అచ్చువేసిన నంబరుకు, 1800-11-2356కు ఫోను చేశారు. పొగాకు మానాలనుకునే వాళ్ళకు సలహాలిచ్చే జాతీయ సహాయ కేంద్రం అది. ఫోనుకు డబ్బులు పడవు. ఇప్పటికి రెండుసార్లు మానేశారు, ఒకసారి మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ మొదలుపెట్టినందుకు నేను దెప్పలేదు. మానాలనుకునే మనిషికి దెప్పుడు కంటే తోడు ఎక్కువ అవసరమని ఈ వయసులో నేర్చుకున్నాను.

ఈ బాధ మా ఒక్క ఇంటిది కాదు. మన దేశంలో 2016-17లో జరిపిన పొగాకు వాడకం సర్వేలో, పెద్దవాళ్ళలో నూటికి 38.7 మంది ఇంట్లోనే ఇతరుల పొగను పీలుస్తున్నారని తేలింది. 2009-10 సర్వేలో అది 52.3. తగ్గింది, సంతోషమే. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగకూడదన్న నిబంధనలు 2008 అక్టోబరు 2 నుంచి అమల్లోకి వచ్చాయి. బస్సులో, సినిమాహాల్లో, ఆఫీసులో ఎవరైనా వెలిగిస్తే అడిగే హక్కు మనకుంది. కానీ ఆ చట్టం మన గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది. గుమ్మం లోపల చట్టం చేయవలసింది మనమే. 'ఇంట్లో వద్దు, బిడ్డను ఎత్తుకునే ముందు చొక్కా మార్చి చేతులు కడుక్కోవాలి' అనడానికి మనకు ఏ పార్లమెంటూ అక్కర్లేదు. అయినా ఎందుకో నోరు పెగలదు. కూర మాడిందని ఆయన అనగలరు, చొక్కా కంపు కొడుతోందని మనం అనలేం.

ఇంకొక్క మాట చెప్పకపోతే ఈ వ్యాసం అన్యాయమవుతుంది. బట్టల్లో పొగాకు వాసన వచ్చే ప్రతివాళ్ళూ పొగ తాగే ఇంటి వాళ్ళు కారు. నిజామాబాద్, జగిత్యాల వైపు వేలాది ఆడవాళ్ళు ఇంటి వసారాలో కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడతారు. వాళ్ళ చీర కొంగుకు, చేతులకు, పక్కన పడుకున్న పిల్లల బట్టలకు కూడా ఆ పొడి అంటుకునే ఉంటుంది. వాళ్ళ పిల్ల బడిలో పక్కన కూర్చుంటే ముక్కు మూసుకునే వాళ్ళున్నారు. ఆ వాసన వాళ్ళ తిండి. పక్కకు జరిగే ముందు, అది ఎవరి సరదా కోసం వాళ్ళకు అంటిన వాసనో ఒకసారి ఆలోచించమని మన పిల్లలకు చెప్పాలి.

మళ్ళీ ఆ సంచి

శాలువాకు రెండు వాయిలు పట్టింది. స్వెటరుకు మూడు. సంక్రాంతి ముందు రెండూ మడతపెట్టి పెట్టుకున్నాను. ఆమె పనిలోకి రాగానే కుర్చీ వేసి, కూర్చోమని, చేతిలో పెట్టాను. "ఇస్తున్నానని కాదు. ముందు నువ్వు వాసన చూసి చెప్పు. నా ముక్కు మీద నాకు నమ్మకం లేదు" అన్నాను.

ఆమె నవ్వింది. శాలువా ముఖానికి ఆనించుకుని, తిరగేసి, అంచు దగ్గర ఒకసారి, మధ్యలో ఒకసారి చూసింది. "ఇది మంచిగుంది. కుంకుడుకాయ వాసన వస్తుంది" అంది. స్వెటరు మాత్రం కాసేపు ముక్కు దగ్గర పెట్టుకుని, "చంకల కాడ జరంత ఉందమ్మా" అంది.

"అయితే అది ఉండనీ. నీకు వద్దు" అన్నాను. ఆమె శాలువా తీసుకెళ్ళింది. స్వెటరు మా ఇంట్లోనే, మా వారి వైపు కొక్కేనికి వేలాడుతోంది. ఆయన దాన్ని తీసేయలేదు, నేనూ తీసేయలేదు.

ఇచ్చే చెయ్యి పైన ఉంటుందని, తీసుకునే చెయ్యి కింద ఉంటుందని అంటారు. ఆ రోజు గుమ్మంలో నిలబడి, ఇచ్చిన బట్ట తిరిగి ఇచ్చి, మా ఇంటి నిజాన్ని మాకు చెప్పిన ఆమె చెయ్యి నా చెయ్యి కంటే పైనే ఉందని నాకనిపించింది. నచ్చనిది వద్దనే హక్కు తీసుకునే వాళ్ళకూ ఉంది. ఆ హక్కు వాడుకున్నందుకు మొహం మాడ్చుకోకుండా ఉండటం ఇచ్చే వాళ్ళ బాధ్యత.

ఈసారి బీరువా సర్దినప్పుడు, సంచిలో పెట్టే ముందు ఆ బట్టను పొగ తెలియని ఒక ముక్కుకు చూపించండి. ఆ ముక్కు ముడుచుకుంటే సిగ్గుపడకండి, కోపగించుకోకండి. అరబకెట్ నీళ్ళు, టీకప్పుడు సోడా సిద్ధం చేయండి. ఆ తర్వాత బకెట్ దగ్గరికి ఎవరిని పిలవాలో మీకు నేను చెప్పనక్కర్లేదు.